విశాఖతీర జీవజాలం – పాట్రిక్ రస్సెల్ గ్రంథాలలో తెలుగు నామాలు

తెలుగుదేశంలో రక్తపింజర అనే పేరుతో ప్రసిద్ధమైన విషసర్పాన్ని ప్రపంచమంతటా రస్సెల్ వైపర్ అని వ్యవహరిస్తారు. ఆ పేరు గల వైద్యుడు విశాఖపట్టణంలో కొన్నేళ్లు నివసించాడనీ, తెలుగు జాలరుల పలుకుబడిని జంతుశాస్త్రంలో ప్రవేశపెట్టాడనీ భాషాపరిశోధకులలో తెలిసినవారు తక్కువ. ఆయన జీవితాన్నీ, ఆయన ద్వారా నిలిచిన కొన్ని పదాలనూ పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాట్రిక్ రస్సెల్ 1727లో స్కాట్లండు రాజధాని ఎడింబరోలో జన్మించాడు. వైద్యవిద్య అభ్యసించి 1750లో సిరియా దేశపు అలెప్పో నగరం చేరి, అక్కడ వైద్యుడుగా ఉన్న అన్న అలెగ్జాండర్ రస్సెల్‌కు తోడ్పడ్డాడు. 1760 మొదలు 1762 వరకు ఆ నగరాన్ని పీడించిన ప్లేగు కాలంలో రోగుల నడుమ ఉండి వ్యాధిలక్షణాలను శ్రద్ధగా గుర్తించాడు. ఆ అనుభవసారమే 1791లో వెలువడిన ప్లేగు వ్యాధి గ్రంథం. 1777లో లండన్ రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొంది.

సోదరుడు క్లాడ్ రస్సెల్ విశాఖపట్టణంలో ఈస్టిండియా కంపెనీ పాలనాధికారిగా నియుక్తుడు కాగా, అతనికి తోడుగా పాట్రిక్ 1781లో ఇండియాకు బయలుదేరాడు. అప్పటికి ఆయన వయస్సు యాభై దాటింది. 1785లో కోనిగ్ మరణానంతరం మద్రాసు ప్రభుత్వానికి ప్రకృతిశాస్త్రవేత్త పదవి ఈయనకు లభించింది. సామర్లకోటలో కృషిచేస్తున్న రాక్స్‌బర్గ్ ఆయనకు సమకాలికుడు. రాక్స్‌బర్గ్ కోరమండల తీర వృక్షాల గ్రంథం 1795లో వెలువడినపుడు దానికి పీఠిక రచించినవాడు రస్సెలే.

పాముకాటు వల్ల జనులు మరణించడం ఆయన మనస్సును కలచినది. విషసర్పమేదో, నిర్విషమేదో సామాన్యుడు గుర్తించగలిగితే ప్రాణరక్షణకు అవకాశం కలుగుతుందని తలచి, కోరల పరీక్ష ద్వారా ఆ భేదాన్ని నిర్ణయించడానికి పూనుకొన్నాడు. జంతువులపై విషప్రయోగాలు జరిపి, నాడు పేరుపొందిన తంజావూరు మాత్రల ప్రభావాన్ని సైతం పరీక్షించాడు. ఈ కృషి ఫలితంగా సర్పగ్రంథం 1796లో లండనులో ప్రకటితమైంది.

ఈ గ్రంథంలో తెలుగువారికి అభిమానాస్పదమైన విశేషం పేర్ల పద్ధతి. రస్సెల్ పాములను స్థానికుల పేర్లతోనే నమోదు చేశాడు. రక్తపింజరను ఆయన కాటుకరేకుల పొడ అని వ్రాసుకొన్నాడు. పసుపు, నలుపు పట్టెలు గల పామును బంగారు పాము అన్నాడు. 1797లో షా పండితుడు మొదటిదానికి రస్సెల్ పేరు పెట్టగా చక్కని తెలుగు సమాసం మరుగున పడింది. రెండవదాని గతి వేరు. 1803లో దోదాఁ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ తెలుగు మాటనే గ్రహించి బుంగారస్ అనే ప్రజాతినామాన్ని కల్పించాడు. నేడు కట్లపాములన్నీ ఆ ప్రజాతికే చెందుతాయి. 1963లో తైవాను శాస్త్రజ్ఞులు ఈ ప్రజాతి విషం నుండి వేరుచేసిన బుంగారోటాక్సిన్, నాడీకండర సంధి అధ్యయనానికి ముఖ్యసాధనమైంది. ఆ పదం మొదటి భాగం మన బంగారమే.

1789లో స్వదేశానికి మరలిన రస్సెల్, విశాఖతీరంలో సేకరించిన రెండువందల చేపల వర్ణనలను చిత్రసహితంగా 1803లో రెండు సంపుటాలుగా వెలువరించాడు. ఇందులోనూ అనేక జాతులకు దేశీయ నామాలే ఆధారం. ఆయన వ్రాసిన కానగుర్త అనే పేరును కువ్యే 1816లో శాస్త్రనామంగా స్వీకరించాడు. తీరవాసులు కానాగంత అని పిలిచే ఆ చేప నేటికీ రాస్ట్రెల్లిగర్ కానగుర్త. సొరచేపలలో పాలసొర కూడా ఆయన నమోదు చేసినదే. వెడల్పైన రెక్కలు గల ఒక పెద్ద చేపకు ఆయన వ్రాసుకొన్న ఎరెగూడు టెంకీ అనే పేరు, కాంటర్ 1849లోనూ, బ్లీకర్ 1859లోనూ చేసిన నామకరణాల ద్వారా మొబ్యులా ఎరెగూడూ అనే రూపంలో స్థిరపడింది.

ఈ చివరి చేప విషయం విచారణీయం. దీనికి సాధారణంగా ఒక కాన్పులో ఒకే పిల్ల పుడుతుంది. కనుక అతివేట వల్ల కలిగే నష్టం త్వరగా పూడదు. 2016లో మొబ్యులా ప్రజాతి చేపలన్నింటినీ అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార నియంత్రణ ఒప్పందం పట్టికలో చేర్చారు. ఒక జీవి తీరం నుండి తొలగితే దాని పేరు పలికే సందర్భమూ తొలగుతుంది. అపుడు ఆ తెలుగు మాట లాటిన్ ముసుగులో మాత్రమే మిగులుతుంది.

రస్సెల్ 1805 జూలై 2న లండనులో మరణించాడు. ఆయన కీర్తి సార్థకమే. అయితే ఆ నామాలు తీరప్రజల నోటివి. వలలు లాగి చేపలు ఒడ్డుకు చేర్చిన జాలరుల పేర్లు గ్రంథముఖపత్రంపై కనిపించవు. ఆంగ్లలిపిలో ఆయన వ్రాసిన రూపాలు అన్నీ నిర్దుష్టాలు కావు. కొన్నింటి అసలు ఉచ్చారణ, వ్యుత్పత్తి నిర్ణయింపదగినవి. భీమునిపట్టణం మొదలు కాకినాడ వరకు గల మత్స్యకార గ్రామాలలో వృద్ధుల నోట ఆ పదాలను సరిచూచి నిఘంటువులకెక్కించడం ప్రాచ్యకళాశాలల పరిశోధకులు చేపట్టదగిన కార్యం. పదంతోపాటు ప్రాణినీ కాపాడుకొన్ననాడే ఆ కృషి సంపూర్ణమవుతుంది.