కుక్క బెదురు వెనుక కారణం... పావ్‌లోవ్ చెప్పిన పాఠం

గంట మోగగానే కుక్కకు నోరూరడం, దాన్ని కనిపెట్టిన ఇవాన్ పావ్‌లోవ్ పేరు చాలామందికి తెలిసినవే. ఇంట్లో కుక్కను పెంచుకునేవాళ్లకు అంతకంటే పనికొచ్చేది ఆ కథలోని తరువాయి భాగం.

పావ్‌లోవ్ 1849లో రష్యాలోని ర్యాజాన్‌లో ఓ చర్చి పూజారి ఇంట పుట్టారు. తానూ పూజారి కావాల్సినవారే. కానీ 1870లో మత పాఠశాల వదిలి, సైన్సు చదవడానికి సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరారు. జీర్ణక్రియ మీద పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమతి అందుకున్నారు. తిండి నోట్లో పడకముందే కుక్కలకు లాలాజలం ఊరడం ఆ పరిశోధనల్లోనే ఆయన కంటపడింది. ఇక మిగతా జీవితమంతా దాని గుట్టు విప్పడానికే వెచ్చించారు.

టక్ టక్‌మనే మెట్రోనోమ్ చప్పుడు వినిపించి, వెంటనే తిండి పెట్టేవారు. కొన్నాళ్లకు చప్పుడొక్కటే చాలేది. తిండి ముందు పెట్టి చప్పుడు తర్వాత వినిపిస్తే మాత్రం కుక్క నేర్చుకునేది అంతంతమాత్రమే. చప్పుడు చేసి మాటిమాటికీ తిండి ఎగ్గొడితే, నేర్చుకున్న అలవాటూ తగ్గిపోయేది.

ఆయన ప్రయోగశాలలోనే మరో సంగతి బయటపడింది. ఒక కుక్కకు గుండ్రటి బొమ్మ చూపితే తిండి పెట్టేవారు, కోడిగుడ్డు ఆకారం చూపితే పెట్టేవారు కాదు. తేడా బాగానే పట్టేసింది. రెండో బొమ్మను కొద్దికొద్దిగా గుండ్రంగా మారుస్తూ పోయారు. తేడా తెలియని దశకు వచ్చేసరికి, అన్నాళ్లూ నెమ్మదిగా ఉన్న కుక్క అరుస్తూ, గింజుకుంటూ, పరికరాలను కొరికేసింది. అంతకుముందు సులువుగా పోల్చుకున్న బొమ్మలనూ మరిచిపోయింది. మళ్లీ మొదటి మెట్టు నుంచి ఓపికగా నేర్పాక కానీ కుదుటపడలేదు.

బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేటి లంకలను నీరు చుట్టుముడితే మూగజీవాలు ఎంత బెదిరిపోతాయో మనకు తెలుసు. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్‌ను అలాంటి వరదే ముంచెత్తింది. పావ్‌లోవ్ కుక్కలను బోనుల్లోంచి ఈదించి కాపాడారు. ప్రాణాలు దక్కినా, కొన్ని కుక్కలు నేర్చుకున్నదంతా పోగొట్టుకున్నాయి. కోలుకున్న ఒక కుక్క కూడా, తలుపు కింద నుంచి కాసిన్ని నీళ్లు లోపలికి రాగానే మళ్లీ బెదిరిపోయింది.

ఈ ప్రయోగాల్లో కుక్కలు పడిన బాధ తక్కువేమీ కాదు. లాలాజలం కొలవడానికి వాటి బుగ్గకు శస్త్రచికిత్స చేసేవారు. వాటి రుణం గుర్తుగా 1935లో తన పరిశోధన సంస్థ ఆవరణలో కుక్క విగ్రహం నిలిపారు. మరుసటి ఏడాది, 86 ఏళ్ల వయసులో న్యుమోనియాతో పావ్‌లోవ్ కన్నుమూశారు.

అడ్డంకులు దూకించే అజిలిటీ పోటీకైనా, చెరువు గట్టున కాపలాకైనా కుక్కకు నేర్పేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి.

• ఒక పనికి ఒకటే మాట. ఇంట్లో అందరూ అదే వాడాలి.

• చెప్పిన పని చేసిన మరుక్షణమే మెచ్చుకోలో, చిన్న తిండి ముక్కో ఇవ్వాలి.

• కర్రను ముందు నేల మీదే ఉంచి దాటించండి. ఎత్తు మెల్లగా పెంచండి.

• తడబడితే కొట్టొద్దు. సులువైన మెట్టుకు తిరిగి వెళ్లండి.

• రోజూ దూకే కుక్క ఉన్నట్టుండి మొరాయిస్తే మొండితనం అనుకోవద్దు. నొప్పి ఉందేమో పశువైద్యుడికి చూపించండి.