శైలేన్ మన్నా – ఒకే క్లబ్బునకు అంకితమైన జీవితము

కలకత్తాకు ఎదురుగా, హుగ్లీనదికి ఆవలియొడ్డున హౌరా పట్టణమున్నది. శ్రీ శైలేంద్రనాథ్ మన్నా అచ్చట 1924 సెప్టెంబరు 1వ తేదీన జన్మించిరి. 1940లో హౌరా యూనియన్ క్లబ్బునందు ఆట నారంభించి, 1942లో మోహన్ బగాన్ క్లబ్బున చేరిరి. 1911లో ఆంగ్ల సైనికదళము నోడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డును గెలుచుకొని, దేశమున కంతకును ఆత్మవిశ్వాసమును కలిగించిన క్లబ్బు అదియే. 1960లో ఆట విరమించువరకును మన్నాగారు దానిని వీడలేదు.

ఆయన బ్యాక్ స్థానమున ఆడెడివారు. ఫ్రీకిక్ కొట్టుటలో ఆయనకు గొప్ప పేరుండెను. 1950 మొదలు 1955 వరకు క్లబ్బునకు నాయకత్వము వహించిరి. ఆ కాలమున, 1953లో, మోహన్ బగాన్ తొలిసారి డ్యూరాండ్ కప్పును గెలుచుకొనెను.

ఆ దినములలో ఫుట్‌బాల్ కూడు పెట్టెడి విద్య కాదు. మన్నాగారి జీవనాధారము జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలోని ఉద్యోగము. ఇన్నేండ్లలో క్లబ్బునుండి ఆయన తీసికొన్నది పంతొమ్మిది రూపాయలు మాత్రమేననియు, అదియు దారిఖర్చులకేననియు బెంగాలీలు చెప్పుకొనుట కలదు.

ఆయన జీవితమున విజయములతోపాటు భంగపాటులును గలవు. 1948లో లండన్ ఒలింపిక్సునందు మనవారు ఫ్రాన్సుతో తలపడిరి. మన జట్టులో పెక్కురు బూట్లు లేకయే ఆడిరి. ఆనాడు మనకు లభించిన రెండు పెనాల్టీలును వ్యర్థమయ్యెను. వానిలో నొకటి మన్నాగారు కొట్టినదే. 2–1 గోలులతో మనవా రోడిపోయిరి. అట్టి అవకాశము చేజారిన పిమ్మట కొందరు క్రుంగిపోదురు. మన్నాగారు క్రుంగలేదు, దేశమును ఆయనయందు విశ్వాసమును కోల్పోలేదు.

1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో భారతజట్టునకు ఆయనయే నాయకుడు. శిక్షకులు మన హైదరాబాదువారైన సయ్యద్ అబ్దుల్ రహీంగారు. అంతకు ముందటి యేడు రహీంగారు తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు డ్యూరాండ్ ఫైనలులో మోహన్ బగానునే ఓడించి యుండెను. నిన్నటి ప్రత్యర్థు లిరువురును నేడు ఒక్కటై పనిచేసిరి. ఫైనలులో మేవాలాల్ చేసిన గోలుతో ఇరానుపై 1–0 తేడాతో గెలిచి మనవారు స్వర్ణపతకము నందుకొనిరి.

మరుసటి యేడే హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10–1 గోలులతో ఘోరపరాజయము ప్రాప్తించెను. చలిదేశమున వట్టికాళ్ల ఆట చెల్లదని అప్పుడు తేటతెల్లమయ్యెను. పిమ్మట మన దేశమున బూట్లు తప్పనిసరి యయ్యెను. స్వర్ణపతకమునాడు ముందు నిలిచిన మన్నాగారే ఈ యోటమినాడును నాయకుడై దాని భారమును మోసిరి.

ఆట మానిన పిదపను ఆయన క్లబ్బునకు దూరము కాలేదు. పెద్దదిక్కై దాని బాగోగులను చూచుచుండిరి. 1971లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదముతో ఆయనను సత్కరించెను. 2001లో మోహన్ బగాన్ తన రత్న పురస్కారమును మొట్టమొదట ఆయనకే సమర్పించెను. 2012 ఫిబ్రవరి 27వ తేదీన, ఎనుబదియేడవ యేట, ఆయన కలకత్తాలో పరమపదించిరి.

మన్నాగారికి కూడుపెట్టు ఉద్యోగ మొకటి యుండెను గనుకనే క్లబ్బునకు ఊరక సేవ చేయగలిగిరి. అట్టి ఆధారము లేక, కుటుంబ పోషణకై క్లబ్బు మారిన ఆటగాండ్రను నిందించుట న్యాయము కాదు. ఆటగాని నుండి నిష్ఠను కోరెడి సంఘము, అతని ఇంటి పొయ్యి ఆరకుండ చూచుట తన ధర్మమని గుర్తెరుగవలెను. మన గ్రామ యువజనులు ఆయన పట్టుదలను నేర్చికొందురు గాక. పెద్దలు ఈ రెండవ సంగతిని మరువకుందురు గాక.