ఎన్టీఆర్ వర్ధంతి: ఓడించిన పాలమూరులోనూ ఆయన అన్నగారే.. కల్వకుర్తి నుంచి ఎన్టీఆర్ ఘాట్ దాకా

నందమూరి తారక రామారావు కన్నుమూసింది 1996 జనవరి 18న. ఏటా జనవరి 18న తెల్లవారుతూనే హుస్సేన్ సాగర్ ఒడ్డున ఉన్న ఎన్టీఆర్ ఘాట్‌కు జనం రాక మొదలవుతుంది. కుటుంబ సభ్యులు వస్తారు, నాయకులు వస్తారు, సినిమా వాళ్లు వస్తారు. కెమెరాలన్నీ వాళ్ల వైపే తిరుగుతాయి. వాళ్లు వెళ్లిపోయాక మామూలు జనం వచ్చి దండం పెట్టుకుని వెళ్తుంటారు. వాళ్ల ఫొటోలు పెద్దగా ఎక్కడా కనిపించవు.

అన్నగారిని తలుచుకునే విషయంలో ఉమ్మడి పాలమూరు జిల్లాకు ఓ ప్రత్యేకత ఉంది. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ ఇప్పుడు వేర్వేరు జిల్లాల కేంద్రాలు. 2016 అక్టోబర్ 11 దాకా ఇవన్నీ మహబూబ్‌నగర్ జిల్లాలోని పట్టణాలే. ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న కల్వకుర్తిలోనే ఎన్టీఆర్‌కు రాజకీయ జీవితంలో మర్చిపోలేని దెబ్బ తగిలింది. తెరమీద కృష్ణుడిగా చూసి చేతులు జోడించిన జనమే పోలింగ్ బూత్‌లో ఆయనను ఓడించారు. మరి అదే జనం ఆయనను ఎలా గుర్తుపెట్టుకున్నారు? ఇది తెలియాలంటే కథ మొదటి నుంచీ చూడాలి.

నిమ్మకూరు నుంచి మద్రాసుకు

1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో రైతు కుటుంబంలో పుట్టారు ఎన్టీఆర్. తల్లిదండ్రులు లక్ష్మయ్య చౌదరి, వెంకట రామమ్మ. చదువు పూర్తయ్యాక సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగం వచ్చింది. ఆ రోజుల్లో సర్కారీ నౌకరీ అంటే మామూలు విషయం కాదు. కానీ ఆయన మూడు వారాలకే దాన్ని వదిలేసి మద్రాసు రైలెక్కారు. 1949లో ఎల్వీ ప్రసాద్ తీసిన మనదేశం సినిమాలో చిన్న పోలీసు వేషంతో తెర మీదికి వచ్చారు.

1951లో పాతాళభైరవి వచ్చింది. తోటరాముడిగా ఊరూరా తెలిసిపోయారు. 1957లో మాయాబజార్‌లో కృష్ణుడయ్యారు. ఆ తర్వాత తెలుగువాళ్లకు కృష్ణుడు అంటే ఆ ముఖమే. క్యాలెండర్లలో, ఇంట్లో దేవుడి పటాల పక్కన కూడా ఆయన వేషమే కనిపించేది. 1963లో వచ్చిన లవకుశలో రాముడు, అదే ఏడాది నర్తనశాలలో బృహన్నల. బృహన్నల వేషం కోసం వెంపటి చినసత్యం దగ్గర కూచిపూడి నేర్చుకున్నారు. 1977లో దానవీరశూరకర్ణలో కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు.. ముగ్గురూ ఆయనే. దర్శకుడు, నిర్మాత కూడా ఆయనే. మొత్తం మీద దాదాపు 300 సినిమాలు చేశారు.

తెర బయట కూడా జనం ఆయనను దగ్గరగా చూశారు. 1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెన వేల మందిని మింగేసినప్పుడు తోటి నటులతో కలిసి వీధుల్లోకి వచ్చి జోలె పట్టారు. ఎప్పుడూ టికెట్ కొనుక్కుని చూసే హీరో తమ వీధిలోకే వచ్చి చేయి చాచడం అప్పటి వాళ్లకు మరిచిపోలేని దృశ్యం.

పాలమూరు ఇంటికి ఏం వచ్చింది?

1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పెట్టారు. పాత షెవర్లే వ్యాన్‌ను చైతన్య రథంగా మార్చి, కొడుకు హరికృష్ణ స్టీరింగ్ పడితే రాష్ట్రమంతా తిరిగారు. తొమ్మిది నెలల్లోనే, 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

అప్పటి పాలమూరు పరిస్థితి వేరు. ఓవైపు కృష్ణ, తుంగభద్ర పారుతున్నా పొలాలకు నీళ్లు అందేవి కావు. ఊళ్లో పని దొరక్క దేశంలో ఎక్కడ ఆనకట్ట కడుతుంటే అక్కడికి వలస వెళ్లేవాళ్లు. పాలమూరు లేబర్ అనే పేరు అలాగే పడింది. అలాంటి ఇళ్లకు 2 రూపాయలకే కిలో బియ్యం అంటే ప్రభుత్వ పథకం మాత్రమే కాదు. జొన్న రొట్టె, గటకతో గడిపే ఇంట్లో తెల్లన్నం ఉడకడం అది.

రెండోది పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దు. ఊళ్లో భూమి లెక్కలన్నీ ఒకటి రెండు కుటుంబాల చేతుల్లో ఉండేవి. పహాణీలో ఎవరి పేరు రాస్తే భూమి వాళ్లదే. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఒక ఆర్డినెన్స్‌తో వంశపారంపర్యంగా వస్తున్న ఆ పెత్తనానికి తెర దించింది. తర్వాత తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఒక కాగితం కోసం రోజంతా నడిచి తాలూకా ఆఫీసుకు పోయే పేదవాడికి ఆఫీసే దగ్గరికి వచ్చింది.

మూడోది శ్రీశైలం ముంపు. ప్రాజెక్టు నీళ్లలో కొల్లాపూర్, అలంపూర్ వైపు ఎన్నో ఊళ్లు మునిగిపోయాయి. ఇల్లూ, పొలమూ పోగొట్టుకున్న కుటుంబాల్లో ఒకరికి ఉద్యోగం ఇవ్వాలంటూ 1986లో జీవో 98 వచ్చింది. జీవో వచ్చింది కానీ ఉద్యోగాలు అందరికీ రాలేదు. ముంపు బాధితులు దశాబ్దాల పాటు ఆ కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఆ ప్రాంతంలో అన్నగారి పేరుతో పాటు ఈ ఎదురుచూపు కూడా గుర్తుండిపోయింది.

కల్వకుర్తిలో ఏం జరిగింది?

1985లో గుడివాడ, హిందూపురం, నల్గొండ.. మూడు చోట్లా పోటీ చేసి మూడు చోట్లా గెలిచారు ఎన్టీఆర్. నాలుగేళ్లు తిరిగేసరికి సీన్ మారిపోయింది. 1989 నవంబర్ ఎన్నికల్లో హిందూపురంతో పాటు కల్వకుర్తి నుంచి కూడా బరిలోకి దిగారు. అంతకు ముందు జైపాల్ రెడ్డి వరుసగా గెలిచిన సీటు అది. కాంగ్రెస్ తరఫున చిత్తరంజన్ దాస్ నిలబడ్డారు. ముఖ్యమంత్రి స్వయంగా పోటీలో ఉంటే ఫలితం ముందే తేలిపోయిందని అంతా అనుకుంటారు. తీరా పెట్టెలు తెరిస్తే దాదాపు మూడున్నర వేల ఓట్ల తేడాతో ఎన్టీఆర్ ఓడిపోయారు.

హిందూపురంలో గెలవడంతో అసెంబ్లీకి వెళ్లగలిగారు. కానీ రాష్ట్రంలో టీడీపీకి దక్కింది 74 సీట్లే, అధికారం పోయింది. విచిత్రం ఏంటంటే, అదే ఎన్నికల్లో ఢిల్లీలో ఆయన ఛైర్మన్‌గా ఉన్న నేషనల్ ఫ్రంట్ అధికారంలోకి వచ్చింది. దేశంలో గెలిచిన కూటమికి పెద్ద దిక్కు, సొంత రాష్ట్రంలో ప్రతిపక్ష నాయకుడిగా కూర్చున్నారు.

కల్వకుర్తి తీర్పుతో సినిమా టికెట్ వేరు, ఓటు వేరు అని తేలిపోయింది. నటుడిగా నెత్తిన పెట్టుకున్న వాళ్లే పాలకుడిగా లెక్క అడిగారు. ఆయనపై అభిమానం పోయిందని మాత్రం దీనికి అర్థం కాదు. 1994లో అదే రాష్ట్రం టీడీపీకి ఒక్కదానికే 200కు పైగా సీట్లిచ్చి ఆయనను మళ్లీ కుర్చీ మీద కూర్చోబెట్టింది.

ఆఖరి ఐదు నెలలు

ఆ కుర్చీ ఏడాది కూడా నిలవలేదు. 1995 ఆగస్టులో సొంత పార్టీలోనే తిరుగుబాటు వచ్చింది. ఎమ్మెల్యేల్లో ఎక్కువ మంది అల్లుడు చంద్రబాబు నాయుడు వైపు వెళ్లారు. సెప్టెంబర్ 1న ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. 1984లో నాదెండ్ల భాస్కరరావు దించేసినప్పుడు జనం రోడ్ల మీదికి వచ్చి నెల రోజుల్లో ఎన్టీఆర్‌ను తిరిగి గద్దెనెక్కించారు. ఈసారి అలాంటిది జరగలేదు.

1996 జనవరి 18, గురువారం. తెల్లవారుజామున హైదరాబాద్‌లోని ఇంట్లో గుండెపోటుతో ఎన్టీఆర్ కన్నుమూశారు. వయసు 72. పొద్దున్నే వార్త ఊళ్లకు చేరింది. భౌతికకాయాన్ని లాల్ బహదూర్ స్టేడియంలో ఉంచితే లక్షల్లో జనం వచ్చారు. దొరికిన బస్సు, లారీ ఎక్కి జిల్లాల నుంచి తరలివచ్చారు. ఐదు నెలల క్రితం ఆయన కోసం రోడ్డెక్కని జనం ఇప్పుడు క్యూలో నిలబడి కన్నీళ్లు పెట్టారు. ఆ ఏడుపులో అభిమానం ఎంతో, ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు పట్టించుకోలేదన్న బాధ ఎంతో ఎవరూ విడదీసి చెప్పలేరు.

అదే సమయంలో భౌతికకాయం దగ్గరే కుటుంబంలోని గొడవ బయటపడింది. భార్య లక్ష్మీపార్వతి ఒకవైపు, పిల్లలు, అల్లుళ్లు మరోవైపు. చివరకు ప్రభుత్వ లాంఛనాలతో హుస్సేన్ సాగర్ ఒడ్డున అంత్యక్రియలు జరిగాయి. ఇప్పుడు ఎన్టీఆర్ ఘాట్ ఉన్నది అక్కడే. అస్థికల నిమజ్జనం మాత్రం వెంటనే జరగలేదు. ఎనిమిదేళ్ల తర్వాత, 2004లో కర్ణాటకలోని శ్రీరంగపట్నంలో లక్ష్మీపార్వతి ఆ కార్యక్రమం చేశారు. కోట్ల మంది తమవాడు అనుకున్న మనిషికి ఇంటివాళ్ల మధ్య అంత ఆలస్యం జరిగింది.

తోటి కళాకారులకు ఆయన పేరుతో పురస్కారం

ఆయన పోయిన ఏడాదే ఎన్టీఆర్ జాతీయ పురస్కారం మొదలైంది. మొదటిది ఎవరికి ఇచ్చారో తెలుసా? అక్కినేని నాగేశ్వరరావుకి. ఇద్దరూ కలిసి 14 సినిమాలు చేశారు. దశాబ్దాల పాటు అభిమానులు మాత్రం రెండు వర్గాలుగా విడిపోయి కొట్టుకున్నారు. చివరకు ఎన్టీఆర్ పేరున్న మొదటి పురస్కారం ఏఎన్నార్ చేతికే వచ్చింది. ఆ తర్వాతి ఏళ్లలో దిలీప్ కుమార్, శివాజీ గణేశన్, లతా మంగేష్కర్ లాంటి వాళ్లు అందుకున్నారు.

2000లో తపాలా బిళ్ల వచ్చింది. 2013 మే 7న పార్లమెంట్ ఆవరణలో విగ్రహం వెలిసింది. శత జయంతి ఏడాదిలో, 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఆయన బొమ్మతో 100 రూపాయల నాణెం విడుదల చేశారు. నాణెం విడుదల వేడుకకు తనను పిలవలేదని లక్ష్మీపార్వతి అభ్యంతరం చెప్పారు. 2019లో ఆయన జీవితం మీద సినిమాలు వచ్చినప్పుడూ అంతే. కొడుకు బాలకృష్ణ తండ్రి వేషం వేసిన రెండు భాగాల బయోపిక్ ఒక కథ చెబితే, రామ్ గోపాల్ వర్మ తీసిన లక్ష్మీస్ ఎన్టీఆర్ మరో కథ చెప్పింది.

బోర్డు మీద పేరు పోతుంది, వస్తుంది

ఆయన పేరు పెట్టడం, తీసేయడం కూడా రాజకీయమే అయింది. 2014 నవంబర్‌లో శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ డొమెస్టిక్ టెర్మినల్‌కు కేంద్రం ఎన్టీఆర్ పేరు పెడితే, దాన్ని వ్యతిరేకిస్తూ తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేసింది. విజయవాడలో ఆయన హయాంలోనే పుట్టిన హెల్త్ యూనివర్సిటీకి తర్వాత ఆయన పేరు పెట్టారు. 2022లో దాన్ని వైఎస్సార్ పేరుతో మార్చారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ ఎన్టీఆర్ పేరే వచ్చింది. సర్కారు మారితే బోర్డు మారుతుంది.

పోయినవాళ్లను ఎలా గౌరవించాలో ఆయన బతికి ఉండగానే ఒక దారి చూపించారు. 1985లో భార్య బసవతారకం క్యాన్సర్‌తో చనిపోయారు. అలాంటి జబ్బుతో వచ్చే పేదలకు వైద్యం అందాలని ఆమె పేరుతో ఆస్పత్రి కట్టాలనుకున్నారు. 2000లో హైదరాబాద్‌లో బసవతారకం క్యాన్సర్ ఆస్పత్రి ప్రారంభమయ్యే నాటికి ఆయన లేరు. ఈ రోజు కూడా అక్కడికి జిల్లాల నుంచి రోగులు వస్తూనే ఉన్నారు.

పాలమూరు విషయానికి వస్తే, అక్కడ అన్నగారు మిగిలింది బోర్డుల మీద కాదు. ఇప్పటికీ పని మీద వెళ్లే మండల ఆఫీసులో ఉన్నారు. పట్వారీ ఇంటి ముందు చేతులు కట్టుకుని నిలబడిన తాతల జ్ఞాపకాల్లో ఉన్నారు. టీవీలో మాయాబజార్ వస్తే రిమోట్ పక్కన పెట్టేసే ఇళ్లలో ఉన్నారు. ఓటు వేసినవాళ్లూ, వేయనివాళ్లూ ఆ సినిమా ముందు పక్కపక్కనే కూర్చుంటారు. 1989లో కల్వకుర్తి ఆయనను ఓడించింది నిజం. అక్కడా ఆయన ప్రస్తావన వస్తే నోటి వెంట వచ్చేది అన్నగారు అన్న మాటే.