నరునికి లొంగని పదము – అన్నమాచార్యుల జీవితము

రాజాశ్రయము కవికి అన్నము పెట్టును. ఒక్కొక్కప్పుడు అందుకు మారుగా ఆతని వాక్కునే కోరును. తాళ్ళపాక అన్నమాచార్యులకు అట్టి పరీక్షయే ఎదురైనది.

రాజంపేట సమీపమునగల తాళ్ళపాక గ్రామమున 1408లో నారాయణసూరి, లక్కమాంబ అను పుణ్యదంపతులకు ఆయన జన్మించెను. బాల్యముననే ఇల్లు విడిచి, యాత్రికుల వెంట నడచి తిరుమల చేరెను. పదునారవ యేట శ్రీనివాసుడు సాక్షాత్కరించెననియు, అది మొదలు 1503లో పరమపదించువరకు సంకీర్తనములు రచించెననియు తాళ్ళపాకవారి రాగిరేకులు తెలుపుచున్నవి. అహోబిలమున ఆదివన్ శఠకోపయతి సన్నిధిని ఆయన వేదాంతము నభ్యసించెను.

ఆ కీర్తి విని టంగుటూరు ప్రభువైన సాళువ నరసింహుడు ఆయనను సాదరముగా ఆహ్వానించెను. తాను పెనుగొండకు ప్రభువై వర్ధిల్లుట ఆ మహనీయుని చెలిమి ఫలమేయని నమ్మి ఘనముగా సత్కరించెను. అన్నమయ్యకు ఏ కొదవయు లేకుండెను.

ఒకనాడు కొలువులో అలమేలుమంగమ్మ శృంగారమును వర్ణించు పదమును విని రాజు పరవశుడయ్యెను. అట్టి పదమొకటి తనపై చెప్పుమని కోరెను. అన్నమయ్య చెవులు మూసికొని, స్వామికి సమర్పించిన వాక్కును మానవునికి ఈయజాలనని నిరాకరించెను. నిన్నటివరకు రాజు సరసన కూర్చుండినవాడు నేడు సంకెలలతో చెరసాల పాలయ్యెను. అచ్చట ఆయన స్వామినే పాడుకొనగా సంకెలలు సడలెననియు, రాజు తన యెదుట మరల వేయించినను నిలువలేదనియు, అంతట ఆతడు పశ్చాత్తప్తుడై పాదములపై బడెననియు మనుమడు చిన్నన్న ద్విపద కావ్యమున వర్ణించెను. పిదప అన్నమయ్య తిరుమలలో స్వామి సేవయందే నిలిచెను.

1485లో విజయనగర సింహాసన మెక్కిన ఆ నరసింహుని వంశపాలన 1505లో అంతరించెను. మరి పాటల గతి యేమి? కుమారుడు పెదతిరుమలాచార్యులు వానిని రాగిరేకులపై చెక్కించి ఆలయములోని అరయందు భద్రపరచెను. ఆయన రచించినవి ముప్పదిరెండు వేలని ప్రసిద్ధి. నేడు లభించునవి పండ్రెండు వేలకు పైబడినవి. రేకులపై రాగముల పేర్లున్నను స్వరములు లేవు. ఆనాటి బాణీలు మరుగున పడెను. ఇరువదవ శతాబ్దిలో వేటూరి ప్రభాకరశాస్త్రి ప్రభృతులు పరిష్కరించి ప్రకటింపగా, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు పెక్కింటికి స్వరములు కూర్చిరి. 1978లో దేవస్థానమువారు అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పిరి. నేడు ఆ పాట ఇంటింట వినవచ్చుచున్నది.

రాజు మెప్పు కొరకు ఒక్క పదము చెప్పియుండినచో చెర తప్పియుండును. కాని ఆ వాక్కు స్వామి సొత్తని ఆయన యెరుగును. సొంతదారుడైన స్వామియే తన సొత్తును శతాబ్దములు దాచి, మరల లోకమునకు వినిపించెను.

యాత్రికులారా! తిరుమల ఆలయమున హుండీ సమీపముననున్న సంకీర్తన భాండాగారమును దాటునపుడు ఒక్క క్షణము నిలిచి, ఆ అరకు కూడ చేతులు జోడింపుడు.