నీటికి దారి చూపిన నగరశిల్పి: మోక్షగుండం విశ్వేశ్వరయ్య

నగరమనగానే మనకు మేడలు, విశాలమైన వీధులు, దీపముల వరుసలు, అంగళ్ళు కన్నులకు గట్టును. ఆ వీధుల క్రింద పాఱుచుండు మంచినీటి గొట్టములును, మురుగు కాలువలును ఎవ్వరికిని కనబడవు. అవి సక్రమముగా పనిచేయుచున్నంత కాలము వానిని తలచువారు లేరు. ఒక్కనాడు చెడినచో ఊరంతయు తల్లడిల్లును. కంటికి కనబడు నగరము కనబడని ఈ నగరముపై ఆధారపడి యున్నది. ఆ కనబడని నగరమును నిర్మించుటకై తన జీవితములో అధికభాగమును వెచ్చించిన మహనీయుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. కృష్ణరాజసాగర నిర్మాతగా, మైసూరు దివానుగా ఆయనను ఎఱుగనివారుండరు. కాని ఊళ్ళకు నీరు తెచ్చి, మురుగు తొలగించి, వరదల నుండి కాపాడిన ఇంజనీరుగా ఆయన చేసిన సేవ అంతకు తీసిపోవునది కాదు. తెలుగువారికి ఆయనతో గల ఋణానుబంధము ముఖ్యముగా ఈ సేవవలన కలిగినదే.

ఆయన పూర్వులది మన గిద్దలూరు ప్రాంతములోని మోక్షగుండము గ్రామము. ఆ కుటుంబము కొన్ని తరములకు పూర్వమే మైసూరు రాజ్యమునకు తరలిపోయి చిక్కబళ్ళాపురమునకు చేరువనున్న ముద్దేనహళ్ళిలో స్థిరపడెను. ఊరు విడిచినను ఇంటిపేరులో ఊరు నిలిచెను. ఇంటిలో తెలుగు నిలిచెను. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. తల్లి వెంకటలక్ష్మమ్మ. పందొమ్మిదవ శతాబ్దము ఏడవ దశకపు తొలినాళ్ళలో, సెప్టెంబరు 15వ తేదీన విశ్వేశ్వరయ్య జన్మించెను. బాల్యము దాటకమునుపే తండ్రి గతించెను. ఆస్తి స్వల్పము, చదువుపై ఆసక్తి అపారము. బెంగుళూరులో పిల్లలకు పాఠములు చెప్పి, ఆ వచ్చిన ధనముతో పొట్ట పోసికొనుచు సెంట్రల్ కాలేజీలో చదివి 1881లో బి.ఏ. పట్టము నందెను. పిదప మైసూరు ప్రభుత్వము వారి విద్యార్థివేతనముతో పూనా చేరి, అచ్చటి సైన్సు కాలేజీలో ఇంజనీరింగు చదివి 1883లో ప్రథముడుగా ఉత్తీర్ణుడయ్యెను. మరుసటి యేడు బొంబాయి ప్రభుత్వపు పబ్లిక్ వర్క్సు శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా ఉద్యోగ జీవితమారంభించెను.

సర్కారు కొలువులో చేరినవారు అనేకులు తమకు అప్పగించిన పనిని అప్పగించినట్లు చేసి తృప్తి చెందుదురు. విశ్వేశ్వరయ్య పద్ధతి వేఱు. ఎదుట నున్న చిక్కును కొలిచి, లెక్కించి, చేతిలోనున్న ధనమునకు లోబడునట్టి ఉపాయమును వెదకుట ఆయన స్వభావము. సింధు మండలములోని సక్కరు పట్టణపు పనియే ఇందులకు నిదర్శనము. ఆ ఊరు సింధునది యొడ్డుననే యున్నది. కాని ఆ నీరు ఇసుకతోను బురదతోను కలిసి త్రాగుటకు పనికిరాకుండెను. నీటిని వడకట్టు తొట్లు కట్టించుటకు పురపాలకసంఘమువద్ద ధనము లేదు. నది యొడ్డున ఇసుకపర్రలో లోతైన బావిని త్రవ్వించినచో, ఆ ఇసుకయే జల్లెడయై నదీజలమును తేర్చునని విశ్వేశ్వరయ్య గ్రహించెను. నది తానే తన నీటిని వడకట్టి ఇచ్చినట్లయ్యెను. వర్షాకాలపు వాగుల ఇసుకలో చెలమలు తోడుకొను పల్లెటూరి స్త్రీలకు తెలిసిన సంగతినే ఆయన ఒక పట్టణమంతటికి సరిపడునట్లు శాస్త్రీయముగా అమలుపఱచెనని చెప్పవచ్చును.

తరువాత పూనాలో ఆయన పనిచేయుచుండగా మరియొక చిక్కు ఎదురయ్యెను. ఆ నగరమునకు నీరందించుచుండిన ఖడక్‌వాస్లా చెఱువునకు వర్షాకాలములో నీరు పొర్లి వృథాగా పోవుచుండెను; వేసవిలో నీరు చాలకుండెను. ఆనకట్టను ఎత్తు చేసినచో వరద వచ్చినప్పుడు కట్టకే ప్రమాదము. అందుచేత ఆయన అలుగుపై తమంతట తామే తెఱచుకొని మూసికొను తలుపులను అమర్చెను. నీరు ఒక మట్టము చేరువఱకు అవి మూసియుండును. ఆ మట్టము మించగానే తెఱచుకొని అదనపు నీటిని విడుచును. మట్టము తగ్గగానే మరల మూసికొనును. 1903లో అమర్చిన ఈ తలుపులవలన కట్టను మార్చకయే సుమారు 8 అడుగుల అదనపు నీటిని నిలువచేయుటకు వీలయ్యెను. పిమ్మట గ్వాలియరులోని తిగ్రా ఆనకట్టకును, కృష్ణరాజసాగరమునకును ఇట్టి తలుపులే అమర్పబడెను. 1906లో ప్రభుత్వము ఆయనను ఏడెను రేవునకు పంపెను. వాన అరుదుగా కురియు ఆ రాతిదిబ్బపై మంచినీటికిని మురుగు పాఱుదలకును ఆయన పథకములు సిద్ధపఱచి, లాహేజు ప్రాంతపు నదీగర్భమునుండి నీరు తెచ్చు మార్గమును సూచించెను.

బొంబాయి కొలువులో ఎంత పేరు వచ్చినను, చీఫ్ ఇంజనీరు పదవి ఆ దినములలో భారతీయునకు అందునది కాదు. ఈ సంగతి నెఱిగి విశ్వేశ్వరయ్య 1908లో స్వచ్ఛందముగా విరమించుకొని విదేశ పర్యటనకు బయలుదేఱెను. ఆ సంవత్సరమే హైదరాబాదు నగరముపై మహోపద్రవము విరుచుకపడెను.

1591లో మూసీ యొడ్డున వెలసిన ఆ నగరము అంతకు పూర్వమును వరదలను చూచినదే. కాని 1908 సెప్టెంబరు 28వ తేదీన వచ్చిన వరద వంటిది ఎన్నడును కాదు. ఎగువనున్న శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళముల వాన కురిసెను. అర్ధరాత్రి దాటినది మొదలు మూసీ గంటగంటకు పెరిగి వంతెనలను ముంచి, అఫ్జల్‌గంజి మొదలగు పేటలను తుడిచివైచెను. సుమారు 15,000 మంది ప్రాణములు కోల్పోయిరని అంచనా. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టునెక్కి నూటయేబదిమంది బ్రతికిరి. ఆ చెట్టు ఆనాటి సాక్షిగా అచ్చటనే నిలిచియున్నది.

నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాను ప్రభుత్వము విశ్వేశ్వరయ్యను ఆహ్వానించెను. ఆయన అప్పుడు ఇటలీలో నుండెను. పర్యటన ముగించుకొని 1909 ఏప్రిలులో హైదరాబాదు చేరి పనికి పూనుకొనెను. నదికి గోడలు కట్టి ఊరిని కాపాడుట సులభముగా తోచు మార్గము. విశ్వేశ్వరయ్య మొదట నదిని వదలి వాన కురిసిన నేలను పరిశీలించెను. మూసీకి నీరందించు పరీవాహక ప్రాంతములో 788 చెఱువులుండెను. వానిలో 221 తెగిపోయినట్లు తేలెను. పైచెఱువు తెగి క్రిందిచెఱువుపై బడగా అదియు తెగి, ఆ రెండింటి నీరు మూడవదానిపై బడెను. గొలుసుకట్టు చెఱువులు కరువులో ఒకదానికొకటి తోడై నిలుచును. కట్టలు బలహీనమైనచో వరదలో ఒకదానినొకటి కూల్చును. హైదరాబాదును ముంచినది వానయొక్కటియే కాదు; చెఱువుల దుస్థితియు కారణమయ్యెను.

అక్టోబరులో ఆయన సమర్పించిన నివేదిక సారాంశమిది. ఊరిలో నదిని అదుపుచేయుటకన్న ఊరికి ఎగువనే నీటిని ఆపవలెను. మూసీ, ఈసీ నదులు కలియుటకు పూర్వమే ఒక్కొక్కదానిపై ఒక్కొక్క జలాశయము నిర్మింపవలెను. వానిలో కొంత భాగము వరదకొఱకై ఖాళీగా నుంచవలెను. పెద్దవాన వచ్చినప్పుడు ఆ ఖాళీ నిండును; నది మోయగలిగినంత నీరే మెల్లగా క్రిందికి విడువబడును. ఊరిలో నదీతీరములను ఎత్తుచేసి, ఒడ్డుల వెంట తోటలును విహారస్థలములును ఏర్పఱుపవలెను. ఇరుకు పేటలకు వెలుతురును గాలియు కల్పింపవలెను. ఇంటింటి మురుగును భూగర్భ కాలువలద్వారా ఊరు దాటించవలెను. ఒక వరదకు విరుగుడు చెప్పుమన్న ప్రభుత్వమునకు, ఒక నగరము ఆరోగ్యముగా జీవించుటకు వలసిన మార్గమును ఆయన సమగ్రముగా చూపెను.

మహబూబ్ అలీ ఖాను 1911లో మరణింపగా, మీర్ ఉస్మాన్ అలీ ఖాను రాజ్యమునకు వచ్చి ఆ సూచనలను కార్యరూపమునకు తెచ్చెను. 1912లో నగరాభివృద్ధి సంఘము ఏర్పడెను. గండిపేటవద్ద మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లో పూర్తయ్యెను. ఈసీపై హిమాయత్‌సాగరము 1927లో పూర్తయ్యెను. వీనిని కట్టినవారు అనేకులైన ఇతర ఇంజనీర్లును, పేర్లు మిగులని వేలకొలది కూలీలును. ఆలోచన విశ్వేశ్వరయ్యది, శ్రమ వారందఱిది. తరువాతి కాలములో నగరపు మురుగు కాలువల నిర్మాణము విషయమునను ఆయన మరల హైదరాబాదునకు వచ్చి సలహాలొసగెను. గండిపేట నీటి రుచి హైదరాబాదువారి నోట సామెతగా మారినది.

1909 చివరలో మైసూరు మహారాజు పిలుపునందుకొని ఆయన ఆ రాజ్యమునకు చీఫ్ ఇంజనీరయ్యెను, 1912లో దివానయ్యెను. కృష్ణరాజసాగరము, మైసూరు బ్యాంకు, మైసూరు విశ్వవిద్యాలయము, భద్రావతి ఇనుప కర్మాగారము ఆ కాలపు ఫలములు. తనవారెవ్వరును తనవద్దకు సిఫారసులు తేరాదను నియమముతో ఆయన దివాను పదవి స్వీకరించెనని ప్రసిద్ధి. ఆ పదవిని విడుచుటకు కారణమును చెప్పుకొనక తప్పదు. ప్రభుత్వోద్యోగములలో వెనుకబడిన వర్గములకు ప్రత్యేక స్థానము కల్పించుటకు మహారాజు సంకల్పించెను. యోగ్యతయే కొలబద్దగా నుండవలెనని విశ్వేశ్వరయ్య వాదించెను. అభిప్రాయములు కలియక 1918 చివరలో ఆయన తొలగెను. తరతరములుగా విద్యకు దూరమైనవారికి చేయూత అవసరమని మహారాజు ఎన్నుకొన్న మార్గమునే తరువాత దేశమును అనుసరించినది. నీటి పల్లమును అంత నిశితముగా కొలిచిన ఆయన, సంఘములోని ఎత్తుపల్లములను ఆ కొలతతో చూడలేదని చెప్పుట ఆయన గొప్పతనమునకు భంగము కాదు.

పదవి విడిచినను పని విడువలేదు. బొంబాయి, కరాచీ మొదలగు నగరముల పురపాలకసంఘములకు సలహాదారుగా నుండెను. 1934లో భారతదేశమునకు ప్రణాళికాబద్ధమైన ఆర్థికవ్యవస్థ వలయునని గ్రంథము వ్రాసెను. తొంబదియేండ్లు దాటిన పిదపను మొకామావద్ద గంగపై వంతెన నిర్మింపదగిన చోటును పరిశీలించుటకు వెళ్ళెను. 1955లో భారతరత్న బిరుదమునందెను. 1962 ఏప్రిలులో, నూఱేండ్ల నిండుజీవితము గడపి బెంగుళూరులో కన్నుమూసెను. ఆయన పుట్టినదినమైన సెప్టెంబరు 15ను దేశము ఇంజనీర్ల దినముగా పాటించుచున్నది.

ఆయన కథ అంతటితో ముగిసినదనుటకు వీలులేదు. నగరము పెరుగుచుండును, నేల పెరుగదు. 1996లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఈ రెండు జలాశయముల చుట్టు పది కిలోమీటర్ల మేర కట్టడములను నియంత్రించుచు 111వ నంబరు ఉత్తరువును వెలువరించెను. 2022లో తెలంగాణ ప్రభుత్వము ఆ నిబంధనలను సడలించెను. ఆ నడుమ 2020 అక్టోబరు 13వ తేదీన హైదరాబాదులో కుంభవృష్టి కురియగా పల్లెచెఱువు తెగెను. కొలది దినములకే గుఱ్ఱంచెఱువు కట్టయు తెగెను. పల్లపు బస్తీలు మునిగి, పలువురు ప్రాణములు కోల్పోయిరి. మృతుల సంఖ్య 1908 నాటి సంఖ్యతో పోల్చదగినది కాదు. కాని చెఱువు కట్టలు తెగుటయు, నీటి దారులకు అడ్డముగా ఇండ్లు లేచుటయు విశ్వేశ్వరయ్య నివేదికను చదివినవారికి క్రొత్తగా తోచవు.

జలాశయము త్రాగునీటికి పనికి రావలెనన్న నిండుగా నుండవలెను. వరదను ఆపవలెనన్న కొంత ఖాళీగా నుండవలెను. ఖాళీగా కనబడు ఆ చోటు వ్యర్థముకాదు. అది రాబోవు వానకొఱకు దాచిన చోటు. చెఱువు శిఖము, వాగు పల్లము, నదీతీరపు తోట ఇట్టి చోట్లే. భూమి వెల పెరిగినకొలది అట్టి చోటును ఖాళీగా నుంచుట కష్టమగును. ఆ కష్టమునకు ఓర్చుకొనిన నగరమే నివాసయోగ్యముగా నిలుచును.

విశ్వేశ్వరయ్య రాజు కాడు, సేనాని కాడు. జీతమునకు పనిచేసిన ఉద్యోగి. ఏప్రిలులో పని మొదలిడి అక్టోబరులో ముగించిన ఒక నివేదిక, తరతరముల ప్రజలకు నీరొసగి నీడనిచ్చినది. కార్యాలయపు బల్లపై నిత్యము కాగితములు వ్రాయువారికి, ఒక కాగితము ఎంతటి పని చేయగలదో తెలుపుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము లేదు.