విడిచిపెట్టని స్నేహము

దేవుని అద్భుత కృపను గూర్చి జాన్ న్యూటన్ వ్రాసిన కీర్తన లోకమంతట పాడబడుచున్నది. బానిసలను తరలించు ఓడలకు అధిపతిగా నుండిన ఆయన క్రీస్తు సేవకుడైన చరిత్రయు అనేకులకు తెలిసినదే. అయితే దీర్ఘవ్యాధితో బాధపడిన ఒక మిత్రునికి ఆయన తోడై నిలిచిన సంగతి అంతగా తెలియదు.

న్యూటన్ 1725లో లండను నగరమున జన్మించెను. 1748లో సముద్రముమీద చెలరేగిన తుపాను ఆయన హృదయమును దేవునివైపు త్రిప్పెను. 1764లో ఇంగ్లండులోని ఓల్నీ అను చిన్న పట్టణమునకు సంఘకాపరిగా వచ్చెను. అచ్చటివారిలో అనేకులు లేసు అల్లి బ్రదుకు పేదలు.

1767లో విలియం కూపర్ అను కవి ఆ ఊరికి వచ్చి కాపురముండెను. ఆయన మృదుస్వభావి, ఆరేండ్ల ప్రాయమున తల్లిని కోల్పోయినవాడు. 1763లో తీవ్రమైన మనోవ్యాధికి లోనై, ప్రాణము తీసికొనుటకు సహా యత్నించి, డాక్టరు కాటన్ వైద్యశాలలో చికిత్స పొందెను. సువార్త వెలుగు ఆయనకు అచ్చటనే లభించెను. న్యూటన్, కూపర్‌ల ఇండ్ల నడుమ ఒక పండ్లతోట మాత్రమే యుండెను. దానిగుండ ప్రతిదినము రాకపోకలు సాగెను. ఇద్దరును కలిసి పేదలను దర్శించిరి. సంఘము కొరకు కీర్తనలు వ్రాయ నారంభించిరి.

1773 జనవరిలో వ్యాధి తిరుగబెట్టెను. దేవుడు తన్ను శాశ్వతముగా త్రోసివేసెనను తలంపు కూపర్‌ను పట్టుకొనెను. ఆయన ఆరాధనకు వచ్చుట మానెను. ఏప్రిల్ నెలలో తన యింటియొద్ద జరుగు సంత సందడిని భరింపలేక న్యూటన్ గృహమునకు వచ్చి, మరల వెళ్లనొల్లకపోయెను. తల్లివలె ఆయనను కనిపెట్టుకొనియున్న మేరీ అన్విన్ అను విధవరాలును వెంట వచ్చెను. న్యూటన్ దంపతులు వారిని ఒక సంవత్సరమునకు పైగా తమ యింట నుంచుకొనిరి. ఆ కాలములో కూపర్‌ను ఒంటరిగా విడుచుటయే అపాయకరమై యుండెను.

న్యూటన్ దేవుని వాగ్దానములను జ్ఞాపకము చేసెను. అవి ఇతరులవే గాని తనవి కావని కూపర్ యెంచెను. వైద్య సహాయము కోరిరి, మందులు ఫలింపలేదు. ప్రార్థించిరి; మార్పు కనబడలేదు. అయినను న్యూటన్ తన మిత్రుని విశ్వాసహీనుడని నిందింపలేదు. అది వ్యాధియేగాని అవిశ్వాసము కాదని గ్రహించి, ఓర్చుకొని కనిపెట్టెను. 1774 వసంతకాలమున కూపర్ మెల్లగా తోటపనికి పూనుకొనెను. మే నెలలో ఒక దినమున కోళ్లకు మేత వేయుచు ఏదో స్వల్ప సంగతికి చిరునవ్వు నవ్వెను. పదునారు నెలలకు పైగా ఆ ముఖమున కానరాని నవ్వది! న్యూటన్ దానిని గొప్ప వార్తగా లేఖలో తెలియజేసెను.

కూపర్ ఇక సంఘ కీర్తనలు వ్రాయజాలకపోగా, న్యూటన్ మిగిలిన పనిని తానే పూర్తిచేసి, మిత్రుని కీర్తనలకు గుర్తు నుంచి, 1779లో ఓల్నీ కీర్తనల గ్రంథమును ప్రచురించెను. 1780లో లండను సంఘమునకు వెళ్లిన పిమ్మటను లేఖలు మానలేదు. న్యూటన్ లోపములేని స్నేహితుడు కాడు. 1786లో ఆయన వ్రాసిన మందలింపు కూపర్‌ను నొప్పించెను. అయినను స్నేహము తెగలేదు. కూపర్ పేరుగాంచిన కవి యాయెను గాని, చీకటి ఆయనను పూర్తిగా విడువలేదు. 1800 ఏప్రిల్ 25న ఆయన మరణింపగా, వృద్ధుడైన న్యూటన్ ఆయనను గూర్చి ప్రసంగించెను. న్యూటన్ 1807లో ప్రభువునందు నిద్రించెను.

ప్రియ చదువరీ, ముప్పది మూడేండ్ల స్నేహము ఆ వ్యాధిని తొలగింపలేకపోయెను. అయినను అది వ్యర్థమా? తాను దేవునిచే విడువబడితినని తలంచినవానిని విడువని మనుష్యుడొకడుండెను. నీ మిత్రుని స్వస్థపరచుట నీ చేతిలో లేదు. అతని తలుపు తట్టుట, అతని ప్రక్కన కూర్చుండుట, ఒక చిన్న నవ్వు కొరకు నెలల తరబడి వేచియుండుట నీ చేతిలోనున్నవి.