పల్లవరం రాయి నుండి బిల్లసుర్గం దాకా: రాబర్ట్ బ్రూస్ ఫుట్ దొర

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం వ్రాసి పంపమని కార్యదర్శి గారు కోరారు. నాయకుల గురించీ కవుల గురించీ మిగతా మిత్రులు ఎలాగూ వ్రాస్తారు. అందుచేత నేను మనలాంటి ఒక ప్రభుత్వోద్యోగిని ఎంచుకున్నాను. 33 ఏళ్లు సర్వీసు చేసి, రిటైరై, ఆ తర్వాత కూడా ఊరుకోక పనిచేసిన మనిషి. భారతదేశ ప్రాక్చరిత్రకు పితామహుడని పండితులు ఆయన్ను అంటారు. మన కర్నూలు ప్రాంతపు గుహలతో ఆయనకు దగ్గరి సంబంధం ఉంది.

ఫుట్ 1834 సెప్టెంబరు 22న ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో పుట్టాడు. 1858లో భారత భూగర్భ సర్వే శాఖలో చేరి మద్రాసుకు వచ్చాడు. శాఖ పెద్ద థామస్ ఓల్డ్‌హామ్. ఉద్యోగం రాళ్లు, మట్టి పొరలు పరీక్షించి పటాలు గీయడం. డేరాలు, ఎండ, వాన, నెలల తరబడి క్యాంపు. ఆ బ్రతుకు ఎలాంటిదో సర్వే శాఖలో పనిచేసిన మాలాంటివాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

అప్పట్లో ఫ్రాన్సులో సోమ్ నది ఒడ్డున, అంతరించిపోయిన జంతువుల ఎముకలతో పాటు మనిషి చెక్కిన రాతి పనిముట్లు దొరికాయన్న సంగతి దుమారం లేపింది. 1859లో ఇంగ్లండు పండితులు వెళ్లి చూసి నిజమేనని ఒప్పుకున్నారు. ఆ వార్తలు చదివినప్పటి నుండి ఫుట్ తన క్యాంపుల్లో ప్రతి కంకర గుంటలోకీ ఒక కన్ను వేసి ఉంచాడు. 1863 మే 30న, అంటే మన లెక్కన రోహిణి కార్తెలో, మద్రాసు దగ్గరి పల్లవరంలో ఒక కంకర గుంటలో చెక్కిన రాయి ఒకటి కనిపించింది. చేతి గొడ్డలి. అప్పటికి ఆయన వయస్సు 28. అదే ఏడాది సెప్టెంబరులో తోటి ఉద్యోగి విలియం కింగ్‌తో కలిసి తిరువళ్లూరు వైపు అత్తిరంపాక్కంలో మరెన్నో పనిముట్లు కనిపెట్టాడు. ఈ దేశంలో కూడా ఆదిమ వేటగాళ్లు ఉండేవారని రుజువైంది.

ఎప్పటి వేటగాళ్లు అన్నది మాత్రం ఆయన చెప్పలేకపోయాడు. చెప్పే సాధనం అప్పటికి లేదు. పై పొర కొత్తది, క్రింది పొర పాతది అనడం వరకే వీలయ్యేది. ఆయన చేసిందల్లా ఎక్కడ, ఏ పొరలో, ఏ రకం రాయి దొరికిందో వ్రాసి పెట్టడం. దక్షిణ దేశమంతా తిరిగి అలా నాలుగు వందలకు పైగా స్థలాలు నమోదు చేశాడు.

ఇక మన ప్రాంతానికి వస్తాను. బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహలను మనవాళ్లు బిలస్వర్గం అని కూడా అంటారు. వీటి గురించి న్యూబోల్డ్ అనే సైనికాధికారి 1844లోనే వ్రాశాడు. మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ శ్రద్ధ తీసుకోవడంతో 1883లో ఫుట్ అక్కడ త్రవ్వకాలు మొదలుపెట్టాడు. మరుసటి సీజనులో పని కొనసాగించింది ఆయన కుమారుడు, ఫిరంగి దళంలో లెఫ్టినెంటు అయిన హెన్రీ. తండ్రీ కొడుకులు ఒక గుహకు అస్థిశాల అనీ, ఇంకొకదానికి పెద్ద చర్చి అనీ, మరొకదానికి పాపవిమోచన లోకం అనీ అర్థం వచ్చే పేర్లు పెట్టారు. వేల సంఖ్యలో ఎముకలు బయటపడ్డాయి. వాటిని పరీక్షించిన లైడెక్కర్ 1886లో నివేదిక అచ్చువేశాడు. అందులో ఖడ్గమృగం ఉంది, హైనా ఉంది. బేతంచెర్ల బండల మధ్య ఖడ్గమృగం తిరిగిందంటే మా ఇంట్లో ఇప్పటికీ నమ్మరు!

ఆ ఎముకల్లో దాదాపు 200 వరకు మనిషి కోసి చెక్కినవని ఫుట్ తేల్చాడు. అంటే వేటగాళ్ల ఎముక పనిముట్లన్నమాట. తర్వాతివారికి నమ్మకం కుదరలేదు. చూపించి ఒప్పిద్దామంటే ఆ ఎముకలే లేవు. ఎక్కడ పోయాయో, ఏ చేతులు మారాయో గాని మళ్లీ కంటబడలేదు. ఈ మాట చదివినప్పుడు నాకు సొంత అనుభవం ఒకటి గుర్తొచ్చింది. నేను పనిచేసిన ఒక కార్యాలయం కొత్త భవనంలోకి మారేటప్పుడు, నా ఇరవై ఏళ్ల క్షేత్ర కొలతల పుస్తకాలను పాత కాగితాల క్రింద తూకానికి అమ్మేశారు. ఆ కార్యాలయం పేరు ఇప్పుడెందుకు? పుస్తకాలు పోయాక ఒక గట్టు వివాదంలో నా కొలతే సరైనదని నిరూపించుకోలేకపోయాను. రైతు ఓడిపోయాడు. ఆయన ముఖం నాకింకా గుర్తుంది.

ఫుట్ విషయంలో అదృష్టం ఆయన వైపే ఉంది. 1970 దశకంలో ఎం.ఎల్.కె. మూర్తి గారు అదే ప్రాంతంలోని ముచ్చట్ల చింతమానుగవిలో త్రవ్వగా ఎముక పనిముట్లు మళ్లీ దొరికాయి. పొయ్యి దగ్గర కాలిన మట్టిని పరీక్షిస్తే సుమారు 17,000 ఏళ్ల నాటిదని తేలింది. దొర చూసింది చూసినట్టే వ్రాశాడని అప్పుడు తెలిసింది.

అయితే ఆయన పొరబడిన చోటు కూడా చెప్పాలి. 1891లో రిటైరయ్యాక ఫుట్ బరోడా సంస్థానంలోను, తర్వాత మైసూరులోను భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేశాడు. గుజరాతులో సబర్మతి ఒడ్డున పాత రాతియుగపు రాళ్లు అడుగున, కొత్తవి పైన, మధ్య 200 అడుగుల మందాన మట్టి ఉండడం చూశాడు. దానితో, పాత వేటగాళ్లు నశించారని, చాలా కాలం దేశంలో మనుషులే లేరని, తర్వాత వేరే జనం వచ్చారని అనుకున్నాడు. దీన్ని సరిచూడడానికే 1941లో హెచ్.డి. సంకాలియా గారి బృందం గుజరాతు వెళ్లింది. మెహసానా జిల్లా లాంఘ్నాజ్‌లో ఇసుక దిబ్బ త్రవ్వితే చిన్న చిన్న రాతి పలకలు, ఖడ్గమృగపు భుజం ఎముక, పదికి పైగా మనుషుల అస్థిపంజరాలు బయటపడ్డాయి. కాళ్లు ముడిచి పడుకోబెట్టి పూడ్చారు. ఎముకలను పరీక్షించినవారిలో ఇరావతి కర్వే గారు ఒకరు. తొడ ఎముక పొడవును బట్టి ఎత్తు, పళ్ల అరుగుదలను బట్టి వయస్సు, కటి ఎముకను బట్టి ఆడో మగో చెబుతారట. ఫుట్ ఖాళీ అనుకున్న కాలంలో మనుషులు బ్రతికి, వేటాడి, తమవాళ్లను జాగ్రత్తగా పూడ్చిపెట్టుకున్నారు.

వారి కాలం తెలిసింది రేడియోకార్బన్ పరీక్ష వల్ల. చికాగోలో విల్లార్డ్ లిబ్బీ 1949లో దీన్ని కనిపెట్టి, 1960లో నోబెల్ బహుమతి పొందాడు. సూత్రం మన బ్యాంకు పాసుపుస్తకం లాంటిదే. ప్రాణం ఉన్నంత కాలం జీవి గాలి నుండి, తిండి నుండి ఒక రకం కార్బన్‌ను జమ చేసుకుంటూ ఉంటుంది. ప్రాణం పోయిన రోజు జమ ఆగిపోతుంది. ఖర్చు మాత్రం ఒకే లెక్కన జరుగుతుంది. 5,730 ఏళ్లకు సగం, ఇంకో 5,730 ఏళ్లకు అందులో సగం. మిగిలిన నిల్వ చూసి చనిపోయిన కాలం చెబుతారు. సుమారు 50,000 ఏళ్లు దాటితే నిల్వ ఏమీ మిగలదు. మన వేడికి ఎముకలోని జిగురు పదార్థం త్వరగా నశిస్తుంది గనుక, ఇక్కడ బొగ్గు, గుల్లలు వాడవలసి వస్తుంది. లాంఘ్నాజ్‌లో ఒక నమూనాకు సుమారు క్రీ.పూ. 2000 వచ్చింది. అంటే అదే గుజరాతులో లోథల్ పట్నం వర్తకం చేస్తున్న రోజుల్లోనే ఈ వేటగాళ్లూ ఉన్నారు. ఒకరు పోయాక ఇంకొకరు వచ్చారన్న మెట్ల లెక్క కుదరలేదు.

బిల్లసుర్గానికి ఎంతో దూరం లేని, బనగానపల్లె వైపు జ్వాలాపురంలో కొరిశెట్టర్, పెట్రాగ్లియా గార్ల బృందం త్రవ్విన ఒక బండ నీడన చిన్న రాతి పలకలు సుమారు 35,000 ఏళ్లనాటివని రేడియోకార్బన్ చెప్పింది. 2009లో ప్రకటించారు. అక్కడ పూసలు, మనిషి ఎముకల ముక్కలు కూడా ఉన్నాయి. పల్లవరం గొడ్డలికి, అత్తిరంపాక్కం రాళ్లకు ఆ గడియారం చాలదు. వేరే పద్ధతులతో శాంతి పప్పు గారి బృందం అత్తిరంపాక్కం అడుగు పొరలు సుమారు 15 లక్షల ఏళ్లనాటివని 2011లో తేల్చింది. బిల్లసుర్గం గుహలను మళ్లీ త్రవ్విన వారు 2014లో అచ్చువేసిన దాని ప్రకారం, అక్కడి ఎముకలు సుమారు రెండు లక్షల ఏళ్ల కాలానివి. గుర్తించిన 21 రకాల జంతువుల్లో ఒక్కటి తప్ప అన్నీ ఈ ఉపఖండంలో నిలిచే ఉన్నాయి.

ఇవేవీ ఫుట్‌కు తెలిసే వీలు లేదు. ఏర్కాడు కొండల మీద ఇల్లు కట్టుకుని, తన రాళ్లకు చీటీలు అంటిస్తూ, జాబితా వ్రాస్తూ చివరి ఏళ్లు గడిపాడు. 1904లో ఆ సేకరణను మద్రాసు మ్యూజియం 40,000 రూపాయలకు తీసుకుంది. 1912 డిసెంబరు 29న ఆయన కలకత్తాలో మరణించాడు. అస్థికలు ఏర్కాడు చర్చి ఆవరణలో ఉంచారు. జాబితా పుస్తకాలు ఆయన పోయాక, 1914లోను 1916లోను వెలువడ్డాయి.

నేను 1974లో బేతంచెర్ల క్యాంపులో ఉండగా బిల్లసుర్గం చూశాను. అప్పుడు నాకు ఆ పేరుతో దొర ఒకడున్నాడనే తెలియదు. గొలుసువాళ్లతో కలిసి నీడన సద్దిమూటలు విప్పుకుని వచ్చేశాను. ఈ మధ్య మనవడిని తీసుకుని మళ్లీ వెళ్లాను. మోకాళ్ల వల్ల లోపలి దాకా నడవలేక బయట బండ మీదే కూర్చున్నాను. వాడు లోపల తిరిగి వచ్చి, ఒక ఎముక కూడా లేదు తాతయ్యా అని నిరాశపడ్డాడు. సంఘం ఈసారి మద్రాసు యాత్ర వేస్తే ఎగ్మూరు మ్యూజియాన్ని కూడా కార్యక్రమంలో చేర్చవలసిందిగా కార్యదర్శి గారిని కోరుతున్నాను. దొర రాళ్లు చూపిస్తానని వాడికి మాట ఇచ్చాను.